ఎరిగిన బాటలో పెద్ద చక్రం

ఉత్తర కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ చిన్న ఊరే కానీ, మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లకు అది పుణ్యక్షేత్రం. ఊరి పక్క కొండల్లో టమరాంచో అనే బాట ఉంది. బాయ్ స్కౌట్ల క్యాంపు స్థలమది, పర్మిట్ తీసుకుని తొక్కాలి. చెట్ల వేర్లు బాటకు అడ్డంగా పైకి తేలి ఉంటాయి, మలుపులు మరీ ఇరుకు. 29 అంగుళాల చక్రం సత్తా తేల్చాలంటే ఇలాంటి బాటే కావాలి. అదీ తొక్కేవాడికి రాయి రాయీ గుర్తున్న బాట అయ్యుండాలి. కొత్త బండిని కొత్త దారిలో తొక్కితే ఏది బండి గుణమో, ఏది దారి గుణమో తేలదు. ఎప్పుడూ కాలు కింద మోపే చోట మోపకుండా దాటేస్తే మాత్రం ఆ ఘనత చక్రానిదేనని ఒప్పుకోవాలి.

అసలు అంతకుముందు వాడుకలో ఉన్న 26 అంగుళాల చక్రం కొలతను ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. 1970లలో ఫెయిర్‌ఫాక్స్ ఉన్న మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లు ఏరుకొచ్చి కొండమీంచి దూకించారు. వాటికున్న లావు టైర్లు 26వి, అంతే. 1980ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి జెఫ్ ఆప్స్ అనే ఆయన ఫిన్లాండ్ మంచు టైర్లను, పెద్ద కొలతవి, మారిన్‌కు పంపాడు. అవి చాలినన్ని దొరక్క ఆ ప్రయత్నం ముందుకు సాగలేదంటారు. 1999లో డబ్ల్యూటీబీ కంపెనీ నానోరాప్టర్ అనే 29 టైరు తెచ్చాకే 29కి దారి తెరుచుకుంది.

పాత రిమ్ముకు టైరు కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు, కొత్తదానికి 622. తేడా 63 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు. ఈ మాత్రానికి ఇంత గొడవెందుకని అడిగేవాళ్లు తడి వేరు అడ్డం పడ్డ ఎక్కుడులో ఒక్కసారి తొక్కి చూడాలి. చిన్న చక్రం వేరును గుద్దుకుని, ఎలాగో ఎక్కి, దాని వెనకున్న గుంటలో దిగబడుతుంది. బండి ఆగుతుంది, ఒళ్లు ముందుకు తూలుతుంది, కాలు నేలకు దిగుతుంది. పెద్ద చక్రం అదే వేరును ఇంకాస్త వాలుగా అందుకుంటుంది. గుంటలోకి పూర్తిగా దిగకముందే అవతలి అంచు పట్టేస్తుంది. చేతికి ఠప్పున తగలాల్సిన దెబ్బ చిన్న ఊపులా వచ్చి పోతుంది. ఎడ్లబండికి అంత చక్రం ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఈ చక్రానికి తొక్కే పద్ధతి మార్చుకోవాలి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు పదో వంతు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, పాత గేరులోనే ఎక్కబోతే మోకాళ్లు మొరాయిస్తాయి. ఆగిన చోటు నుంచి ఊపందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు అనవసరంగా బ్రేకు ముట్టుకోరు, అందిన వేగాన్ని పోనివ్వరు. ఇరుకు మలుపులో బయటి అంచు నుంచి మొదలుపెట్టి, చూపు మలుపు చివర మీద నిలిపి, బండిని బాగా వాలుస్తారు. పాత బండితో పోల్చి చూసేటప్పుడు రెంటికీ తగిన గాలి పెట్టుకోవాలి. టైరు బిర్రుగా ఉంటే ఏ చక్రమైనా రాళ్ల మీద గెంతుతుంది.

ఇక్కడే ఆ మారిన్ కుర్రాళ్లలో ఒకడైన గ్యారీ ఫిషర్ గొప్పతనం గురించి చెప్పాలి. చక్రం పెద్దదైతే హ్యాండిల్ బరువుగా, మందకొడిగా తిరుగుతుందని అందరూ పెదవి విరిచారు. ఆయన పేరుతో వచ్చిన 29 బళ్లలో ముందు ఇరుసును ఫోర్క్ తిరిగే గీతకు 51 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. హ్యాండిల్ తేలికైంది, బండి మాట వినడం మొదలుపెట్టింది. పెడళ్ల ఇరుసు చక్రాల ఇరుసుల కంటే బాగా కిందికి దిగింది కనుక తొక్కేవాడు బండి మీద కాక బండి లోపల కూర్చున్నట్టుంటుంది. దిగుడులో వచ్చే ఆ ధైర్యం ఇంకే బండీ ఇవ్వదు. ఈ ఫిషరే కదా 1970లలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గరి రీప్యాక్ దిగుడును, సుమారు 400 మీటర్ల లోతును, 4 నిమిషాల 22 సెకన్లలో దిగినవాడు! అదీ గ్రీజు కాలి పొగలొచ్చే హబ్ బ్రేకుతో. ఆ రికార్డును రీప్యాక్ పందేల్లో ఎవరూ చెరపలేకపోయారు.

పందేలు కూడా పెద్ద చక్రానికే సాక్ష్యం పలికాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ వీరుడు యారొస్లావ్ కుల్హావీ 29 మీద బంగారం కొట్టాడు. చివరి క్షణంలో అతనికి లొంగిన స్విస్ మేటి నినో షుర్టర్ ఎక్కింది 27.5 బండి. అదే షుర్టర్ 2016లో రియోలో 29 ఎక్కి బంగారం పట్టుకెళ్లాడు. నిట్టనిలువు దిగుళ్లకు మాత్రం పనికిరాదని మొండికేసినవాళ్ల నోరు 2017లో ఫోర్ట్ విలియమ్‌లో దిగుడు పందేల వీరుడు గ్రెగ్ మినార్ 29 మీద నెగ్గి మూయించాడు.

ఇంత సాధన మన ఊళ్లకు వచ్చేసరికి ఏమవుతోందో చూస్తే కడుపు రగిలిపోతుంది. ‘29’ అని పెద్ద స్టిక్కరు, పదిహేడు పద్దెనిమిది కిలోల ఇనుము, పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకటే ఫ్రేము. ముందు షాకులని పెట్టినవి వట్టి స్ప్రింగులు. వాటిలో నూనె లేదు, అదుపు లేదు. రాయి తగిలితే టక్కున కుదించుకుపోయి అంతే టక్కున ఎగదన్నుతాయి. డిస్కు బ్రేకు ఉంటుంది, బండి ఆగదు. కష్టార్జితం పోసి కొన్న కుర్రాడు రెండు ఆదివారాలు తొక్కి, కొండ సైకిలంటే ఇంతేననుకుని మూల పడేస్తాడు. ఇది మోసం. గ్రీజు కాలే హబ్బులతో కొండ దిగి ఈ విద్యను నిలబెట్టినవాళ్లకు జరిగే అవమానం.

బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లు ఫెయిర్‌ఫాక్స్ వెళ్లి, మౌంటెన్ బైక్ తొలితరం జో బ్రీజ్ లాంటివాళ్లు నిలబెట్టిన సైకిల్ మ్యూజియం చూసి, టమరాంచోలో తొక్కి రావచ్చు. హైదరాబాదువాళ్లకు వికారాబాద్ దగ్గర అనంతగిరి ఉండనే ఉంది. కొనే ముందు దుకాణాలవాళ్లను గట్టిగా అడగాలి. సీటు ఎత్తు సరిచేసి, ఒంటి బరువుకు తగ్గ గాలి పెట్టి, తమకు అలవాటైన బాటలో ఒక్క పూట తొక్కనివ్వమనాలి. షాపు ముందు తారురోడ్డు మీద చుట్టు తిప్పితే చాలంటే ఒప్పుకోకూడదు. అడిగేవాళ్లు పదిమంది అయితే ఏ దుకాణమైనా ఒక బండిని అందుకోసమే పక్కన పెడుతుంది.