యంత్రానికి కులం లేదా?

ఉద్యోగ దరఖాస్తుల్ని కృత్రిమ మేధ వడపోస్తే పక్షపాతం పోతుందట! మరి దానికి పాఠం చెప్పిందెవరు? పదేళ్ల పాత దరఖాస్తులతో అమెజాన్ తయారుచేసుకున్న యంత్రం ‘మహిళల’ అన్న మాట కనబడితే మార్కులు తగ్గించిందని 2018లో బయటపడింది. ఆ దరఖాస్తుల్లో ఎక్కువ మగవాళ్లవే మరి.

మన దేశం సంగతి? చదువు సమానమే అయినా దళిత పేరుకి ప్రైవేటు కంపెనీల పిలుపులు తగ్గుతాయని సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ 2007లోనే చూపించారు. ఆ పిలుపుల లెక్కే యంత్రానికి పాఠమైతే ఏం నేర్చుకుంటుంది? పేరు చెరిపేసినా ఊరు, కాలేజీ, చదువు మధ్యలో ఆగిన ఏళ్లు మన గుట్టు విప్పుతాయి.

పొమ్మన్న మేనేజర్నయితే నిలదీయొచ్చు. కారణం చెప్పని ఈమెయిల్‌ని ఎవడు నిలదీస్తాడు? ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లతో పాటు, ఎందుకు తీసేశారో తెలుసుకునే హక్కు కూడా మనోళ్లు అడగాల్సిందే.