ప్రసంగ పీఠం ఎవరిది?

మా నాయనమ్మ బైబిలు స్త్రీగా పనిచేసింది. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో బాప్టిస్టు మిషను తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పేది, పాటలు నేర్పేది, అక్షరాలు దిద్దించేది. ఆదివారం మాత్రం గుళ్లో ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని పాస్టరుగారి ప్రసంగం వినేది. "నువ్వెందుకు పైకెక్కి చెప్పవు?" అని చిన్నప్పుడు అడిగితే, "దేవుడు అట్లా రాశాడమ్మా" అంది.

బెత్ ఆలిసన్ బార్ 2021లో ప్రచురించిన 'ద మేకింగ్ ఆఫ్ బిబ్లికల్ ఉమన్‌హుడ్' చదువుతున్నంతసేపూ ఆ జవాబే గుర్తొచ్చింది. బార్ టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో మధ్యయుగ చరిత్ర ఆచార్యురాలు. స్త్రీలు బోధించవచ్చా అన్న ప్రశ్న లేవనెత్తినందుకు 2016లో ఆమె భర్త చర్చిలో యువజన పాస్టరు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. స్త్రీల అణకువ నిజంగా దేవుడి ఆజ్ఞేనా, లేక కాలక్రమంలో మగవాళ్లు కట్టిన గోడా అన్నది ఈ పుస్తకం వేసుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్న వెనక అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. అక్కడి ప్రొటెస్టంటు శాఖల్లో అతి పెద్దదైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో బానిసత్వం దగ్గర వచ్చిన చీలికతో పుట్టింది. భార్య భర్తకు లోబడాలని 1998లో తన విశ్వాస ప్రకటనలో చేర్చింది. పాస్టరు పదవి పురుషులకే అని 2000లో రాసుకుంది. స్త్రీలను పాస్టర్లుగా నియమించిందని 2023లో శాడిల్‌బ్యాక్ వంటి పెద్ద చర్చినే వెలివేసింది. అదే సంస్థలో లైంగిక హింస బాధితుల ఫిర్యాదులను నాయకులు ఏళ్ల తరబడి ఎలా పక్కన పెట్టారో 2022లో వచ్చిన దర్యాప్తు నివేదిక బయటపెట్టింది. పీఠం మీద ఎవరుండాలన్న తర్కానికీ, కింద ఉన్నవాళ్ల మాట ఎవరూ వినకపోవడానికీ సంబంధం లేదని నేననుకోను.

బార్ బలం ఆమె చరిత్ర జ్ఞానం. పౌలు లేఖల్లోని కుటుంబ నియమాలను రోమన్ గృహయజమాని అధికారం పక్కన పెట్టి చదువుతుంది. మధ్యయుగంలో బోధించిన స్త్రీలను ముందుకు తెస్తుంది. మత సంస్కరణ తరువాత సన్యాసినీ మఠాల దారి మూసుకుపోయి, భార్యాత్వమే స్త్రీకి పవిత్ర వృత్తి అయిన తీరును చూపిస్తుంది. అన్నిటికంటే నన్ను కదిలించింది అనువాదాల మీద ఆమె చర్చ. రోమా పత్రిక 16వ అధ్యాయంలోని జూనియాను శతాబ్దాలపాటు స్త్రీగానే చదివారు. ఆధునిక అనువాదాలు కొన్ని ఆ పేరును మగపేరుగా మార్చాయి.

వెంటనే నాయనమ్మ తెలుగు బైబిలు తీసి చూశాను. అక్కడ యూనీయ ఆడో మగో తెలియదు. మన బహువచనం ఆమె స్త్రీత్వాన్ని మింగేసింది. ఫీబే విషయంలో మాత్రం తెలుగు నిజాయితీగా ఉంది. మగవాళ్లని 'పరిచారకులు' అన్నచోట ఆమెను 'పరిచారకురాలు' అంది. మాట అక్కడే ఉంది. నాయనమ్మ ఎన్నోసార్లు చదివే ఉంటుంది. అది తనకు కూడా వర్తిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అయినా ఈ పుస్తకంతో నాకు రెండు పేచీలున్నాయి. మొదటిది, బార్ వాదనంతా మూల గ్రంథం స్త్రీల పక్షాన ఉందని నిరూపించడం మీద నిలబడింది. ఒకవేళ గ్రంథం అలా లేకపోతే? మన హక్కు ఒక గ్రీకు పదం మీద ఆధారపడాలా? రెండోది, దీని కేంద్రం తెల్లజాతి ఇవాంజెలికల్ ప్రపంచం. నల్లజాతి స్త్రీ జరీనా లీ 1819లోనే ప్రసంగించడానికి అనుమతి సాధించి, 1836లో ఆత్మకథ ప్రచురించింది. ఆ ఆత్మకథను పక్కన పెట్టుకుని చదివితేనే బార్ పుస్తకం సంపూర్ణమవుతుంది.

"అంత బాధైతే బయటికి రావచ్చుగా" అంటారు మిత్రులు. అమెరికాలో చాలామంది వస్తున్నారు కూడా. ప్యూ సర్వేల ప్రకారం 2007లో 78 శాతం ఉన్న క్రైస్తవులు 2023-24 నాటికి 62 శాతం. పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ భక్తులన్న పాత తేడా యువతరంలో బాగా తగ్గింది. ప్రముఖ బోధకురాలు బెత్ మూర్ కూడా 2021లో సదరన్ బాప్టిస్టులతో తెగతెంపులు చేసుకుంది. కానీ ఆమె గానీ బార్ గానీ విశ్వాసాన్ని వదల్లేదు.

ఇది పిరికితనమని నేను అనలేను. ఒంగోలు ప్రాంతంలో 1878లో వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు దూరంగా పెట్టిన మనుషులకి అక్షరం, పేరు, కూర్చోడానికి చాప ఇచ్చిందా చర్చి. అమెరికా నుంచి వచ్చిన ఆ మిషను సదరన్ బాప్టిస్టులది కాదు, ఉత్తరాది వాళ్లది. అయినా పీఠం దగ్గరకొచ్చేసరికి మా పల్లెలో ఆచారం అదే. గౌరవం ఇచ్చిన చోటే గీత కూడా గీసింది. ఆ చోటు వదిలేయమని నాయనమ్మకి చెప్పడానికి నేనెవర్ని?

ఆమె ఇప్పుడు లేదు. ఉంటే ఈ పుస్తకంలోని ఒక్క సంగతే చెప్పేదాన్ని. అట్లా రాసింది దేవుడేనా, ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారు అని అడగడం అవిశ్వాసం కాదు నాయనమ్మా, అది కూడా వాక్య పరిశీలనే.