‘మాతృభాష’ ఎవరి భాష? బోధనభాషా వాదాలలో ఒక విస్మృతాంశం

ప్రభుత్వ పాఠశాలలో ఏ భాషలో బోధించాలన్న చర్చ తెలుగునాట ఎన్నిసార్లు తలెత్తినా ప్రధానంగా రెండు మాటల చుట్టూ తిరిగింది. ఒకటి ‘మాతృభాష’, రెండవది ‘ఉపాధి’. మొదటి మాటను భాషాభిమానులు, రెండవ మాటను తల్లిదండ్రుల పక్షాన మాట్లాడేవారు ప్రయోగిస్తూ వచ్చారు. బడిలో వాడే తెలుగు పిల్లల ఇంటి భాషేనన్న భావనను మాత్రం ఇరుపక్షాలూ చాలావరకు ప్రశ్నించకుండానే అంగీకరించాయి. ఈ భావనను గురజాడ అప్పారావు, కంచ ఐలయ్యల రచనల వెలుగులో పరీక్షించడం, దాని ఆధారంగా నేటి వివాదాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఒకే ఆవరణ, మూడు బోధనభాషలు

ఈ పరిశీలనకు ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర మంచి ఆరంభం. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నతవిద్యను ఆంగ్లంలో కాక దేశభాషలో అందించాలన్నది దాని మూలసూత్రం. పరాయిభాషలో చదువు విద్యార్థి బుద్ధికి భారమవుతుందని, జ్ఞానం సొంతం కాకుండా పోతుందని దాని సమర్థకులు వాదించారు. ఈ వాదంలో దోషం లేదు. అయితే ‘దేశభాష’గా ఎంపికైనది ఉర్దూ. హైదరాబాదు రాజ్యంలో అధికసంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. సూత్రం సరైనదే అయినా ఆ సూత్రం ఎవరి నోటికి వర్తించిందన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు తెలుగువారి వైపునుంచి వచ్చిన స్పందన మనకు తెలిసినదే. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా ఎదురైన అవహేళన ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభ నాటినుంచి తెలుగులో విద్యాబోధన తెలంగాణ ప్రజాజీవితంలో ఒక ముఖ్యమైన కోర్కెగా నిలిచింది. 1948 తరువాత విశ్వవిద్యాలయ బోధనభాష ఆంగ్లంగా మారింది. 1958లో ఇదే ప్రాంతంలో కేంద్రీయ ఆంగ్ల సంస్థ వెలసింది. నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అదే. 1968లో ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి తెలుగు అకాడమి ఏర్పడింది.

ఈ క్రమంలో ఒక పోలిక గమనింపదగినది. ఉస్మానియా అనువాద విభాగం శాస్త్రపదాలను ప్రధానంగా అరబ్బీ, పారసీ ధాతువులనుంచి నిర్మించింది. తెలుగు పారిభాషిక పదాలలో అత్యధికం సంస్కృతం నుంచి వచ్చాయి. రెండు ప్రయత్నాలూ పరాయిభాష పెత్తనాన్ని తొలగించే సంకల్పంతో మొదలైనవే. పదాలు కావలసివచ్చినప్పుడు రెండూ శాస్త్రీయ భాషల నిఘంటువులను ఆశ్రయించాయి. పనివాళ్ల నోటిలోని మాటలకు అక్కడ దక్కిన చోటు స్వల్పం.

2. గురజాడ: పరీక్షకాగితం మీద తెలుగు

‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం కలిసి ఇంగ్లీషు ప్రదర్శించే ఘట్టాన్ని విమర్శకులు సాధారణంగా హాస్యానికి ఉదాహరణగా చూపుతారు. ఒక బాలగీతపు పంక్తి, రేఖాగణిత పుస్తకంలోని ముక్కలు వారి మధ్య సంభాషణగా చెలామణి అవుతాయి. కొడుకు ఇంగ్లీషు మాట్లాడుతున్నాడని వెంకమ్మ మురిసిపోతుంది. ఈ నవ్వు ఎవరిమీద అన్న ప్రశ్న వేసుకోవాలి. కొడుకు చదువు మీద ఆమె ఆశ నిజమైనది. ఆ చదువు నిజమో కాదో తెలుసుకునే సాధనం ఆమె చేతిలో లేదు. అర్థం లేని ధ్వనిని విద్యగా అమ్మగలిగిన గిరీశం, దానిని నిలదీయలేని బడి ఈ నవ్వుకు అసలు లక్ష్యాలు. ఆ ఘట్టంలో ఆంగ్లం దోషి కాదు. అర్థంతో పనిలేని వల్లింపు దోషి.

1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రంలో గురజాడ ఇదే పరీక్షను తెలుగుకు వర్తింపజేశారు. వ్యాసరచనకు గ్రాంథికాన్ని నిర్బంధించడం విద్యార్థికి మేలు చేయదని, జీవద్భాషకు బడిలో స్థానం కావాలని ఆయన వాదన. గిడుగు రామమూర్తి సాగించిన పోరాటం కూడా పాఠశాల, పరీక్ష, పాఠ్యపుస్తకం అనే మూడింటి చుట్టూ నడిచింది. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్యశైలికి సంబంధించిన మలుపుగా మాత్రమే బోధించడం మన విభాగాలలో అలవాటైంది. మూలంలో అది విద్యావిధానానికి సంబంధించిన ఉద్యమం. తనకు తెలిసిన విషయాన్ని తన మాటలతో రాయడానికి విద్యార్థికి హక్కు ఉందా లేదా అన్నది దాని కేంద్ర ప్రశ్న.

విశ్వవిద్యాలయ నిర్ణయం ఆనాడు గ్రాంథికం వైపు మొగ్గింది. తరువాత దశాబ్దాలలో వ్యావహారికం పత్రికలలో, కథలో, నవలలో గెలిచింది. కాలక్రమేణా పాఠ్యపుస్తకాలలోకీ వచ్చింది. అలా వచ్చింది శిష్టవ్యావహారికం. దానికి ఆధారం కోస్తా జిల్లాల విద్యావంతుల వాడుక. ఈ అంతరాన్ని తెలంగాణ పక్షాన ఎత్తిచూపినవారిలో కాళోజీ నారాయణరావు ముఖ్యులు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని రాష్ట్రప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా పాటిస్తున్నది. పలుకుకు గౌరవదినం వచ్చింది. జవాబుపత్రంలో ఆ పలుకుకు మార్కులు వస్తాయా అన్న సందేహం ఇంకా తీరలేదు.

3. ఐలయ్య: రోగనిర్ణయం, చికిత్స

గురజాడ ప్రశ్నను సుమారు ఎనిమిది దశాబ్దాల తరువాత మరో దిశనుంచి లేవనెత్తినవారు ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించిన కంచ ఐలయ్య. 1996లో ఆంగ్లంలో వెలువడిన ఆయన గ్రంథం తెలుగులో ‘నేను హిందువు నెట్లయిత?’ అనే పేరుతో వచ్చింది. శీర్షికలోని క్రియారూపమే పాఠ్యపుస్తక భాషకు ఒక జవాబు. గొర్రెలు కాసే కుటుంబంలో పుట్టిన పిల్లవానికి పని నేర్పిన భాష ఒకటి, బడి ఇచ్చిన భాష మరొకటి అని ఆయన చెబుతారు. పశుపోషణకు, సేద్యానికి, చేతివృత్తులకు సంబంధించిన విస్తారమైన పదజాలం పాఠంలో కనిపించదు. పాఠంలోని దేవుళ్లు, కథలు, మాటలు ఇంటిలో వినిపించవు. అటువంటి పిల్లవానికి తెలుగు వాచకం, ఆంగ్ల వాచకం రెండూ సమానదూరంలోనే ఉంటాయన్నది ఆ వాదన సారం. రెండూ పరాయివే అయినప్పుడు ఉద్యోగమిచ్చే పరాయిభాషను ఎంచుకోవడమే వివేకమని దళిత బహుజనుల పక్షాన ఆయన ఆంగ్లమాధ్యమాన్ని కోరారు.

భాషాభిమానులు ఈ వాదంలోని చికిత్సను ఖండించడంలో చూపిన శ్రద్ధ రోగనిర్ణయాన్ని పరిశీలించడంలో చూపలేదు. గురజాడ, ఐలయ్యలు చేరిన గమ్యాలు వేరు, బయలుదేరిన చోటు ఒకటే. బడి తెలుగు పిల్లల తెలుగు కాదన్నదే ఇద్దరి పరిశీలన. ఐలయ్య దానికి కులాన్ని, శ్రమను జోడించి గురజాడ వదిలిన ఖాళీని పూరించారు.

అయినా ఐలయ్య సూచించిన చికిత్సలో ఒక లోపం ఉంది. ఆంగ్లమాధ్యమం అవకాశాల అసమానతను కొంత తగ్గించవచ్చు. కానీ వాచకం నుంచి వెలివేయబడిందని ఆయన చూపిన శ్రమజ్ఞానం ఆంగ్ల వాచకంలోకి తనంతట తాను ప్రవేశించదు. మాధ్యమం మారినా పాఠం, బోధన, పరీక్ష మారకపోతే వెంకటేశం వల్లించిన బాలగీతమే మిగులుతుంది. ఆయన వాదాన్ని చివరివరకు అనుసరిస్తే వెలికి వచ్చే ఈ ప్రశ్నను మాధ్యమ వివాదం కప్పివేసింది.

4. ఎదురెదురు పుటలు

2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 81వ నంబరు ఉత్తర్వు, దానిని 2020 ఏప్రిల్ 15న ఉన్నత న్యాయస్థానం కొట్టివేయడం, 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టాలన్న తెలంగాణ నిర్ణయం ఈ వివాదంలో ఇటీవలి ఘట్టాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బోధనభాష సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషగా ఉండాలంటుంది. ఆ వాక్యంలో ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాట మీద జరిగినంత వాదన ‘బిడ్డ మాతృభాష’ అన్న మాట మీద జరగలేదు.

రెండు రాష్ట్రాలూ ద్విభాషా పాఠ్యపుస్తకాలను తెచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం. ఈ ఎదురెదురు పుటలు మన చర్చకంతటికీ సాక్ష్యం. ఎడమవైపు ‘కిరణజన్య సంయోగక్రియ’, కుడివైపు ‘ఫొటోసింథసిస్’. మొక్క ఆకుల్లో ఎండతో అన్నం వండుకుంటుందని ఉపాధ్యాయుడు నోటితో చెప్పేదాకా రెండు పుటలూ మూసినట్లే ఉంటాయి. ఆ మూడవ వాక్యమే బోధన. అది ఏ పుటలోనూ అచ్చుకాలేదు, పరీక్షలో దానికి మార్కులు లేవు.

విశ్వవిద్యాలయానికి సమీపంలోని లాలాగూడ నిజాం కాలం నుంచి రైల్వే కార్ఖానా ఉన్న పేట. అక్కడి ఇళ్లలో బోగీ, షెడ్డు, బోల్టు, పానా అన్నవి నిత్యవ్యవహారపు మాటలు. ఇవి ఆంగ్లం నుంచో ఉర్దూ నుంచో మరెక్కడినుంచో వచ్చాయని పండితుడు వర్గీకరించవచ్చు. అక్కడి బిడ్డకు అవన్నీ తల్లి నోట, తండ్రి నోట విన్న మాటలే. మాతృభాషావాదం ఈ మాటలను అన్యదేశ్యాలుగా పక్కన పెడితే అది ఎవరి తల్లి భాషను కాపాడుతున్నట్లు?

ముగింపు

ఆంగ్లం కోరే తల్లిదండ్రులను భాషాద్రోహులుగా చూడడం అన్యాయం. వారి కోర్కె అనుభవంనుంచి పుట్టింది. తెలుగు బోధన వద్దనడానికీ ఈ పరిశీలన ఆధారం కాదు. ఇంటి మాటలో ఆలోచించిన బిడ్డ మరే భాషనైనా ధైర్యంగా నేర్చుకుంటుందన్న గురజాడ వారసత్వపు విశ్వాసం నేటికీ విలువైనదే. కానీ ఆ విశ్వాసాన్ని ప్రకటించే నైతికాధికారం తెలుగు విభాగాలకు దక్కాలంటే ముందు మన పనిని మనం పరీక్షించుకోవాలి. వాచకాల కూర్పులో, ప్రశ్నపత్రాల తయారీలో, ఉపాధ్యాయుల శిక్షణలో మన పాత్ర ఉంది. బిడ్డ సొంతంగా రాసిన వాక్యాన్ని మాండలికమన్న కారణంతో ఎర్రసిరాతో కొట్టివేసే అలవాటు చాలావరకు మన తరగతి గదుల నుంచే బడికి చేరింది.

కనుక ఏ మాధ్యమంలోనైనా తరగతిని కొలవడానికి ఒక ప్రశ్న చాలు. ఈ రోజు బిడ్డ తనదైన వాక్యం ఒక్కటైనా పలికిందా, రాసిందా? 1914లో గురజాడ లేవనెత్తిన వివాదం సారాంశం ఇదే. సాహిత్యచరిత్రలో ముగిసిన అధ్యాయంగా దానిని బోధిస్తున్నాం. బడిలో అది ఇంకా నడుస్తూనే ఉంది.