డోలీ దృశ్యమూ, చూసే కన్నూ

ఇటీవల మా విజయనగరం సాహిత్య సమావేశాల్లో ఒక ప్రశ్న తరచు వినవస్తూంది: ఈ సామాజిక మాధ్యమాల వల్ల నిత్యజీవితంలో ఏమైనా ప్రయోజనం ఉందా? అడిగేవారు ఎక్కువగా పెద్దవాళ్లు. అడిగే తీరులోనే, ఏమీ లేదన్న జవాబు కూడా ఉంటుంది. ఎదుట కూర్చున్న విద్యార్థులు తల వంచుకొని ఫోను చూసుకుంటూంటారు. వాళ్ల జవాబు అది. ఈ ఇరువురి మధ్యా చర్చ జరగకుండానే సభ ముగుస్తుంది. సభ ఫోటోలు ఆ రాత్రికే ఫేస్‌బుక్‌లోకి ఎక్కుతాయి. ఎక్కించేది చాలాసార్లు ఆ పెద్దవాళ్లే.

ప్రయోజనం అన్న మాటను ఎవరికి, దేనికి అని విడదీయకుండా వాడినంతకాలం ఈ చర్చ తేలదు. నాటకం వల్ల ప్రయోజనమేమిటి, నవల వల్ల యువతరం చెడిపోవటం లేదా అని వెనుకటి తరాలు కూడా వాదించుకున్నాయి. ఆ వాదాలు తేలింది సిద్ధాంతాలతో కాదు, ఆ రూపాలను ఎవరు చేజిక్కించుకొని ఏం చేశారన్న దానితో. అందుచేత గాలిలో వాదించటం మాని మన కళ్లెదుట జరిగిన ఒక విషయాన్ని తీసుకుందాం.

సాలూరు కొండలున్నాయి. 2022 ఏప్రిల్ దాకా అవి విజయనగరం జిల్లాలోవి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోవి. 2018లో ఆ కొండల నుంచి వరసగా కొన్ని దృశ్యాలు సెల్‌ఫోన్ల ద్వారా లోకానికి తెలిశాయి. నిండు గర్భిణిని డోలీలో పడుకోబెట్టి, కర్రకు రెండువైపులా మగవాళ్లు భుజమిచ్చి, రాళ్లదారిన కిలోమీటర్ల కొద్దీ మోసుకుపోతున్న దృశ్యాలవి. ఒక తల్లి ఆసుపత్రి చేరకముందే నడిదారిలో ప్రసవించింది. వెంట నడుస్తున్న కుర్రవాళ్లే దాన్ని ఫోనులో పట్టుకున్నారు. మరునాటికి అది దేశమంతా తిరిగింది.

డోలీ ఆ ఏడాది పుట్టినది కాదు. మన్యంలో డోలీ మోతలు తరతరాలుగా ఉన్నాయి. వెనక ఆ డోలీలో కూర్చున్నది సర్కారు దొర, మోసినది గిరిజనుడు. ఇప్పుడు అందులో గిరిజన స్త్రీయే ఉంది, మోసేది ఆమె మనుషులే. మనకు పత్రికలున్నాయి, జిల్లా కేంద్రంలో విలేకరులున్నారు, కథలు రాసేవాళ్లకు కొదవలేదు. అయినా ఆ కొండ మీద ఉన్నవాడే కెమెరా పట్టేదాకా ఆ బాధ కిందికి దిగలేదు. అక్షరాస్యుడి దయాదాక్షిణ్యాలతో నిమిత్తం లేకుండా, విలేకరి కోసం ఎదురుచూడకుండా, తన సాక్ష్యం తానే ఇవ్వగల అవకాశం మొట్టమొదటిసారి ఆ మనుషులకు దక్కింది. దీన్ని ప్రయోజనం కాదనేవాడు పట్నంలో కూర్చుని, వీధి చివర ఆసుపత్రి పెట్టుకొని మాట్లాడుతున్నాడన్నమాట.

అయితే సాక్ష్యం ఇవ్వటం ఒకటి, ఆ సాక్ష్యాన్ని లోకం ఏ రూపంలో స్వీకరించింది అన్నది మరొకటి. విమర్శకుడి పని ఇక్కడ మొదలవుతుంది.

ఆనాటి నుంచి డోలీ దృశ్యాలు ఎన్నో వచ్చాయి. ఎక్కువ వాటి రూపం ఒక్కటే. అర నిమిషం నిడివి. డోలీ, రాళ్లు, వాగు, మోసేవాళ్ల రొప్పు. దాని మీద ఎవరో తగిలించిన విషాద సంగీతం. కింద ఒక వాక్యం, అది కూడా పల్లపువాళ్ల తెలుగులో. డోలీలో ఉన్న మనిషి మాట్లాడదు. మాట్లాడినా కువిలోనో సవరలోనో మాట్లాడుతుంది కాబట్టి ఆ గొంతు తీసేసి సంగీతం వేస్తారు. ఏ ఊరు, ఏ నెల, ఆ ఊరికి రోడ్డు ఎప్పుడు మంజూరైంది, మంజూరైతే ఎందుకు ఆగింది, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో వైద్యుడి కుర్చీ ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది, ఇవేవీ ఆ అర నిమిషంలో పట్టవు. పట్టించాలన్నా ఆ రూపం ఒప్పుకోదు. ఎందుకంటే అక్కడ దృశ్యం తరవాత దృశ్యం వస్తూండాలి. డోలీ తరవాత ఒక వంటకం, దాని తరవాత ఒక సినిమా నృత్యం. చూసేవాడి కంట తడి పెట్టించి, అది ఆరకముందే నవ్వించాలి. జాలి కలుగుతుంది, దాని వెనకనున్న కారణం మాత్రం కనబడకుండా పోతుంది.

2020 ఆగస్టులో ఇంకా చిత్రమైన సంగతి జరిగింది. అదే సాలూరు మండలంలో కొదమ, చింతామల గ్రామాల గిరిజనులు ఎదురుచూసి విసిగి, ఇంటికి ఇంత అని చందాలు వేసుకొని, కొందరు నగలు కుదవపెట్టి, జేసీబీ తెప్పించి, కొండ తొలిచి ఒడిశా వైపు తామే దారి వేసుకున్నారు. ఈ వార్త సామాజిక మాధ్యమాల్లో పొంగిపొరలింది. హిందీ నటుడు సోనూ సూద్ ట్విట్టర్‌లో వాళ్లను మెచ్చుకొన్నాడు. ఆయన మెచ్చుకోలులో దురుద్దేశం ఉందని నేననను. కరోనా కాలంలో వలస కూలీల కోసం ఆయన చేసిన పని అందరికీ తెలుసు. ఇక్కడ పరిశీలించవలసినది వ్యక్తిని కాదు, కథ మారిపోయిన తీరును. ప్రభుత్వం చేయవలసిన పని చేయకపోవటం మీద ఆ గిరిజనులు చేసిన అభియోగం ఆ దారి. ఈ మాధ్యమంలో పడేసరికి అది స్వయంకృషికి ఆదర్శంగా, స్ఫూర్తి కథగా మారింది. నగ కుదవపెట్టిన స్త్రీ వడ్డీ ఎవరు కట్టారన్న ప్రశ్న నేను చూసిన వందలాది అభినందనల్లో ఒక్కదానిలోనూ లేదు.

2024 డిసెంబరులో రాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఆ కొండల్లోకి వెళ్లి బాగుజోల, సిరివర రోడ్డుకు శంకుస్థాపన చేశారు. 2018 దృశ్యాలకూ ఈ శంకుస్థాపనకూ మధ్య ఆరేళ్లు గడిచాయి. ఈ ఆరేళ్లలో అర్జీలున్నాయి, ధర్నాలున్నాయి, గిరిజన సంఘాల పాదయాత్రలున్నాయి, రెండుసార్లు ఎన్నికలున్నాయి. ఫోను దృశ్యం ఒక్కటే రోడ్డు తెచ్చిందనటం అమాయకత్వం. దాని పాత్ర ఏమీ లేదనటం మొండితనం. ధర్నాలో కూర్చున్నవాడి చేతిలో ఆ దృశ్యం కాదనలేని సాక్ష్యంగా ఉపయోగపడింది. ధర్నా లేనిచోట అదే దృశ్యం కాలక్షేపంగా మిగిలింది. ఒకే వస్తువు రెండు చేతుల్లో రెండు పనులు చేసింది.

మన కథాసాహిత్యంతో దీన్ని పోల్చి చూడండి. 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు సంగతి తేల్చటానికి కాళీపట్నం రామారావు మాస్టారు ఊరి చరిత్రంతా విప్పవలసి వచ్చింది. ఆ ఊరికి రోడ్డొచ్చింది, బడి వచ్చింది, అభివృద్ధి అన్నది ఎవరిని ఎక్కడికి తోసిందీ తెలిసొచ్చింది. చివరి ఘోరాన్ని ఒక్కదాన్నే తీసి అర నిమిషం చూపిస్తే పాఠకుడు అదిరిపోతాడు, అంతకుమించి ఏమీ తెలుసుకోడు. భూషణం కొండ కథలు, మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు చదివినవాడికి మన్యం అంటే డోలీ ఒక్కటే కాదు. సంత ఉంది, షావుకారు ఉన్నాడు, పోడు ఉంది, బడిలో తన భాష తాను మాట్లాడలేని పిల్లవాడు ఉన్నాడు. సామాజిక మాధ్యమాల మీద మన ఫిర్యాదు అవి అబద్ధాలు చెబుతాయని మాత్రమే కాదు. ఒక నిజాన్ని మిగతా నిజాల నుంచి తెంపేసి చూపటం అంతకన్నా లోతైన ఫిర్యాదు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పడవకు పని దొరక్క వేల మంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. వాళ్లలో చాలామందికి ఉత్తరం రాయటం రాదు. ఇంటి దగ్గరున్న ఆడవాళ్లకు చదవటం రాదు. ఒక తరం కిందట ఈ మనుషుల మధ్య ఆరునెలల మౌనం ఉండేది. ఇప్పుడు వాట్సాప్‌లో గొంతు పంపుతారు. "బువ్వ తిన్నావేటి, గుంటకి జొరం తగ్గిందేటి" అని తన మాటలో తాను అడుగుతాడు. రాసిపెట్టే పంతులు అక్కరలేదు, చదివిపెట్టే పోస్టుమాను అక్కరలేదు. 2020 వేసవి లాక్‌డౌన్‌లో వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుపడినప్పుడు తమ స్థితిని ఫోనుల్లో చూపించి మొరపెట్టుకున్నదీ వీళ్లే. తరవాత వాళ్లను బస్సుల్లో స్వస్థలాలకు చేర్చారు. నిత్యజీవితంలో ప్రయోజనమేమిటని అడిగే మిత్రులు ఒకసారి భోగాపురం వైపో ఎచ్చెర్ల వైపో సముద్రపు ఒడ్డు ఊళ్లకు వెళ్లి ఈ ప్రశ్న వేసి చూడాలి. (2014 హుద్‌హుద్‌లోనూ 2018 తిత్లీలోనూ కరెంటు పోయి, టవర్లు మూగపోయి, అవసరమైన రోజునే ఈ సాధనం పనికిరాకుండా పోయిందన్నది కూడా వాళ్లే చెబుతారు.)

మత్స్యకారుడి ఆ గొంతు మనకు ఇంకో ప్రశ్న వేస్తుంది. 'కన్యాశుల్కం' ఈ ఊళ్లో 1892లో ప్రదర్శనకెక్కింది. 1897లో అచ్చయింది. 1909లో తిరగరాసిన రూపంలో వచ్చింది. నోటి మాటకు సాహిత్యంలో చోటు ఉండాలని గురజాడ పట్టుబట్టింది ఇక్కడే. ఆయన సహాధ్యాయి గిడుగు ఇంకో అడుగు వేసి, కొండ మీది సవర భాష నేర్చుకొని 1931లో దాని వ్యాకరణం వెలువరించాడు. మరి నేడు మన కళింగాంధ్ర మాట సామాజిక మాధ్యమాల్లో ఎలా ఉంది? లెక్కకు చూస్తే ఎన్నడూ లేనంతగా ఉంది. రీల్స్ నిండా 'ఏటి', 'ఎల్లిపోనాడు', 'సెప్పీసినాను'. కాని తొంభైపాళ్లు నవ్వించటానికే. యాస మాట్లాడేవాడు తాగుబోతు, మొద్దు, భార్యచేత తిట్లు తినేవాడు. సినిమా నలభై ఏళ్లుగా మనకు చేసిన అవమానాన్ని ఇప్పుడు మన కుర్రవాళ్లే సొంత ఖర్చు మీద చేసుకుంటున్నారు. నిజానికి గురజాడ కూడా ఆ మాటతో నవ్వించాడు. అయితే నవ్వు ఎవరి మీద? మధురవాణి నవ్వితే అది పెద్దమనుషుల మీద నవ్వు. ఇక్కడ పల్లెవాడి మీద పట్నం నవ్వుతూంది. అసలు యాస, వెక్కిరింపు లేని యాస, పని మీద ఉన్న యాస, ఎవరికీ కనపడకుండా ఆ గొంతు సందేశాల్లో ఉంది. దాన్ని వినే చెవి రచయితకు ఉండాలి.

రచయితల సంగతి వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఇప్పుడు కవిత పొద్దున రాస్తే మధ్యాహ్నానికి నూరుమంది ఇష్టపడతారు. పత్రిక ఏడాది తిప్పిపంపిన కొత్త గొంతుకు, ముఖ్యంగా స్త్రీలకూ దళిత యువకులకూ, ఇది ఊరటే. కాని అభినందనే విమర్శగా చెలామణి అవుతూంది. 'అద్భుతం అన్నా' అన్నవాడు రెండో పాదం చదివాడా అన్నది సందేహం. తప్పు చెప్పినవాడు శత్రువు. చాసో ఒక కథను ఎన్నిసార్లు చెక్కేవారో ఆయన్నెరిగిన మా ఊరివాళ్లు చెప్పేవారు. ఆ ఓపికకు ఈ వేగంలో చోటు లేదు. వేగమే శత్రువు అందామా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. శ్రీకాకుళంలో కారా మాస్టారు తన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో నెలకొల్పిన కథానిలయం చూడండి. ఊరూరా తిరిగి పాత పత్రికలు పోగుచేసిన కథలు ఇప్పుడు ఆ వెబ్‌సైటు ద్వారా ఎక్కడున్నవాడికైనా అందుతున్నాయి. అదే తంతి, అదే తెర. ఒకటి దాచిపెట్టి వెతికితే ఇస్తుంది, రెండోది కొట్టుకుపోతూ ఎదుట పడినదే చూపిస్తుంది.

ఇంతకూ ఎదుట పడేదేమిటో నిర్ణయించేది ఎవరు? ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ మెటా అనే ఒక్క కంపెనీవి. 2024లో దాని ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనల నుంచి వచ్చినదే. మన కన్ను ఎంతసేపు తెర మీద నిలిస్తే అంత ఆదాయం. డోలీ నిలిపితే డోలీ, పుకారు నిలిపితే పుకారు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న పుకారు వాట్సాప్ మీద తెలుగు రాష్ట్రాలంతటా పాకి, అమాయకులు గుంపుల చేతుల్లో చచ్చిపోయారు. ఆ జూలైలోగాని ఒక సందేశాన్ని అయిదుగురికి మించి పంపకుండా కంపెనీ కట్టడి పెట్టలేదు. అటు కంపెనీ, ఇటు సర్కారు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. దేశభక్తి మాట ఎలా ఉన్నా, దాని మీద పేరు తెచ్చుకున్న పల్లెల ఆటగాళ్లు, పాటగాళ్లు ఒక్క రాత్రిలో వేదిక లేనివాళ్లయ్యారు. జముకులకథ చెప్పిన పాణిగ్రాహి నుంచి, 1969లో, ప్రాణం తీయగలిగారు గాని జముకును తీసుకోలేకపోయారు. అది జనం దగ్గర ఉంది.

వంగపండు ప్రసాదరావు పార్వతీపురంలో కన్నుమూసింది 2020 ఆగస్టు 4న. కొదమ గిరిజనులు దారి తొలిచిన నెలే. ఆ వారం నా ఫోను నిండా ఆయన పక్కన నిలబడి తీయించుకున్న ఫోటోలు. పాటగాడి కంటె పక్కవాడే స్పష్టంగా ఉన్న ఫోటోలు కొన్ని. ఆయన పాట ఏ యంత్రమూ లేకుండా గొంతు నుంచి గొంతుకు పాకి తమిళ, హిందీ ప్రాంతాలదాకా పోయిందన్న సంగతి రాసినవారు తక్కువ. కొదమ దారి మీద పాట కట్టినవాడు నా కంటికి కనబడలేదు.

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థులకు ఇక్కడ చేతినిండా పని ఉంది. ఫలానా కవి కవిత్వంలో ఉపమలు అన్న విషయం మీద నూట పదకొండో సిద్ధాంతగ్రంథం రాసే బదులు, ఒక డోలీ దృశ్యాన్ని తీసుకొని దాని వెంట నడవండి. ఎవరు తీశారు, మొదట ఎవరికి పంపారు, సంగీతం ఎక్కడ తగిలింది, ఏ మాట తెగిపోయింది, ఎవరి పేరు కలిసింది, ఆ తల్లి ఏమంటుంది. దానికోసం సాలూరు బస్సెక్కి, మక్కువ దాటి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, పైకి నడవాలి. ఆమె మాట్లాడేది కువి అయితే, గిడుగు సవరకు చేసినట్టు ముందు ఆ భాష నేర్చుకోవాలి.