తప్పు, తప్పదు – మధురవాణి

కన్యాశుల్కం పాఠం ముగిశాక మధురవాణి గూర్చి రాయమంటే మన విద్యార్థులు సాధారణంగా రెండు మాటలలో ఏదో ఒకటి రాస్తారు. ఆమె సంఘానికి బలి అయిన స్త్రీ, లేదా బురదలో పుట్టిన తామర. రెండూ సానుభూతితో రాసినవే. కాని మొదటిదానిలో అంతా సంఘం చేసింది, రెండవదానిలో అంతా స్వభావం చేసింది. ఆమె చేసినది ఏమీ మిగలలేదు. నా అభ్యంతరం అక్కడే.

‘తప్పు’ అంటే దోషం. అదే ధాతువుకు వ్యతిరేకరూపమైన ‘తప్పదు’ అంటే అనివార్యం. కన్నడ, తమిళాల మధ్య పెరిగిన మీకు ఈ ధాతువు ఇరుగుపొరుగు మాటలలో కూడా పరిచయమే. దారి తప్పగల వాడికే తప్పు అంటుతుంది. అందుకే తప్పు చేసినవాడు మొదట వెదుక్కునే మాట ‘తప్పలేదు’. (నిఘంటువులో నీతి వెదకడం నా బోటి వాళ్ళకు దురలవాటు, మన్నించాలి. వ్యాకరణం ఎవరి నడతనూ నిర్ణయించదు. సాకులకు సదుపాయం మాత్రం చేస్తుంది.)

గురజాడ 1909 నాటి రెండవ కూర్పులో నాటకాన్ని ఎంతో పెంచి తిరగరాశారు. అందులో అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యాన్ని కళ్ళారా చూస్తూనే, చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోతాడు. భార్య నూతిలో దూకినా మారడు. గిరీశానికి ఏ పనికైనా ఒక సిద్ధాంతం దొరుకుతుంది. కరటకశాస్త్రి ఉద్దేశం మంచిదే. మేనకోడలిని కాపాడడానికి శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళి చేస్తాడు. ఆ ‘పెళ్ళికూతురు’ మాయం కాగానే ముసలివాడి మీద హత్యానేరం పడుతుంది.

ఈ కుట్రకు కంటె ఇచ్చినది మధురవాణి. విమర్శకులు ఈ సంగతిని వేగంగా దాటిపోతారు. ఆమె మాట్లాడకుండా ఉంటే ఆమెకు వచ్చే నష్టం లేదు. లుబ్ధావధాన్లు ఆమెకు ఆప్తుడు కాడు, నాటకంలో ఎవరికీ ఆప్తుడు కాడు. అయినా మగవేషం వేసుకొని వకీలు సౌజన్యారావు ఇంటికి వెళ్ళి నిజం చెబుతుంది. పుట్టిన వృత్తిని ఆమె ఎంచుకోలేదు, నిజమే. ఈ రాకను ఎంచుకున్నది.

ఆ తరువాతి ఘట్టం ఇంకా గట్టిది. నిజం చెప్పినందుకు ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. వేశ్యలను దగ్గరకు రానివ్వని సౌజన్యారావు ఒక నిరపరాధి కోసం వ్రతభంగానికి సిద్ధపడతాడు. సరిగ్గా ఇక్కడ అతనికీ ‘తప్పలేదు’ అనే అవకాశం వచ్చింది, అదీ చాలా గౌరవప్రదమైన అవకాశం. ఆమె అతన్ని ఆపుతుంది. బేరం ఆమెది, గెలుపు ఆమెది, వదులుకున్నదీ ఆమే. సౌజన్యారావు మంచితనం అంతవరకు దూరంగా నిలబడిన మంచితనం. పరీక్ష ఎదురైనప్పుడు దానిని నిలిపింది తాను చీదరించుకున్న స్త్రీ. ఇందులో గురజాడ నవ్వు నాకు వినిపిస్తుంది.

ఆ రంగంలోనే భగవద్గీత ప్రసక్తి వస్తుంది. పద్దెనిమిదవ అధ్యాయం చివరలో, చెప్పవలసినదంతా చెప్పాక కృష్ణుడు అర్జునుడిని బాగా ఆలోచించుకొని ఇష్టం వచ్చినట్టు చేయమంటాడు. సౌజన్యారావు ఆ పుస్తకాన్ని గూర్చి గురువులా మాట్లాడతాడు. ఎదుట ఉన్న శిష్యురాలు ఆ పని అప్పటికే చేసి వచ్చింది.