చిన్న కోత, చెదరని ప్లీహం

ఎడమ పక్కటెముకల చాటున, మామూలుగా 150 నుంచి 200 గ్రాముల బరువుండే ప్లీహం, అంటే తెలంగాణలో తిల్లి అనే అవయవం, ముసలి ఎర్ర రక్తకణాలను ఏరివేస్తూ రక్తంలో చేరిన సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో అది కిలోకు మించి పెరిగి, కడుపులో బల్లగా చేతికి తగులుతుంది. హాడ్‌కిన్ లింఫోమా ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికే ఒకప్పుడు పొట్ట కోసి ప్లీహాన్ని తీసేవారు. స్కానింగులు వచ్చి ఆ బాధను తప్పించడం వైద్యం సాధించిన గొప్ప మేలు. అయినా ప్లీహంలోని గడ్డ ఏమిటో తేలనప్పుడు, ఉబ్బిన ప్లీహం రక్తకణాలను మితిమీరి నశింపజేస్తూ మందులకు లొంగనప్పుడు, దాన్ని తీయవలసి రావచ్చు.

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, బస్తాలకెత్తే ఆర్మూరు ప్రాంతపు రైతుకూ కూలీకీ పొట్ట కండరాల బలమే బతుకుతెరువు కనుక, పెద్ద కోత లేకుండా లాపరోస్కోపీతో ప్లీహాన్ని తీసే, 1991లో ఫ్రాన్స్ వైద్యులు తొలిసారి వెల్లడించిన పద్ధతి వారికి ఎంతో విలువైనది. ఇందులో రోగిని కుడివైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పనిముట్లనూ పంపుతారు. ప్లీహంలోకి రక్తనాళాలు చేరే చోటుకు క్లోమం కొస దాదాపు ఆనుకొని ఉంటుంది కాబట్టి, అక్కడ తొందరపడితే క్లోమరసం కారే ప్రమాదముంది.

అసలు పరీక్ష ప్లీహాన్ని బయటికి తీయడంలో ఎదురవుతుంది. క్యాన్సర్ కాని జబ్బులో ప్లీహాన్ని గట్టి సంచిలో వేసి, లోపలే ముక్కలు చేసి, చిన్న రంధ్రం నుంచే తీయవచ్చు. గడ్డ ఉన్నప్పుడు మాత్రం సంచి చిరిగితే కణాలు పొట్టలో చెదురుతాయి, ముక్కలైన కణజాలంలో గడ్డ స్వరూపాన్ని గుర్తించడం పరీక్షించే వైద్యునికి కష్టమవుతుంది. అందువల్ల పొత్తికడుపు కింద మరో కోత పెట్టి అవయవాన్ని మొత్తంగా తీయడం ఉత్తమం. ప్లీహం పొడవు 20 సెంటీమీటర్లు దాటినప్పుడు శస్త్రవైద్యుడు ఒక చేతిని లోపలికి పంపి పనిచేసినా, మధ్యలో పొట్ట తెరిచినా, దాన్ని వైఫల్యంగా లెక్కించడం అన్యాయం. రోగి క్షేమం కోసం తన నైపుణ్యపు గర్వాన్ని పక్కనపెట్టిన వైద్యుడు గౌరవానికి అర్హుడు.

ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సకు కనీసం రెండు వారాల ముందు న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ బ్యాక్టీరియాల టీకాలు వేయాలి. ప్లీహం లేని దేహంలో ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణాంతకం కాగలదు, మలేరియా కూడా తీవ్రమవుతుంది. హైదరాబాద్‌లో శస్త్రచికిత్స చేయించుకొని ఊరు చేరిన మనిషికి ఏళ్ల తర్వాత జ్వరం వచ్చినా, పసుపు పాలతో, మాత్రతో సరిపెట్టకుండా, తిల్లి తీసేశారని తెలిపే కాగితం పట్టుకొని వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. నిజామాబాద్‌కు పంపవలసి వచ్చినా, తొలి మోతాదు యాంటీబయాటిక్‌ను ఆర్మూరులోనే ఇచ్చి పంపాలి.