వెండి బండి, బూడిద బకెట్

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ షెడ్డులో ముప్ఫయ్యేళ్ళు రివిట్లు కొట్టాడు. కొత్త బస్సు ఎక్కితే సీటు కోసం వెతుక్కునేవాడు కాదు. ముందు రేకు మీద వేలు పెట్టి రివిట్ల తలలు వరసగా తడుముకుంటూ పోయేవాడు. "ఇది పొద్దున కొట్టింది, ఇది ఇంటికెళ్ళే తొందర్లో కొట్టింది" అని తీర్పు చెప్పేవాడు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. ఆ వేలు మళ్ళీ గుర్తొస్తుందని, అదీ టెక్సస్‌లో ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో గుర్తొస్తుందని నేననుకోలేదు.

మా అబ్బాయి వాళ్ళు ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో ఉంటారు. మార్చిలో పిల్లలకి వారం సెలవులొస్తే ఒక ట్రైలర్ అద్దెకి తీసుకుని, కారు వెనక తగిలించి మమ్మల్ని ఆ పార్కుకి తీసుకొచ్చాడు. గంట ప్రయాణం. చెరువు చుట్టూ లేత గులాబీ రంగు రాతి గుట్టలు, మధ్య మధ్య ఓక్ చెట్లు. రావడం బాగానే వచ్చాం. మాకిచ్చిన సైట్‌లోకి ట్రైలర్ని వెనక్కి పెట్టడం దగ్గర వచ్చింది చిక్కు. నొగలు పట్టుకుని ఎడ్లబండిని వెనక్కి నెట్టినవాడికి తెలుస్తుంది, మనం ఇటు తిప్పితే అది అటు పోతుంది. మావాడు సాఫ్ట్‌వేర్‌వాడు. నాలుగుసార్లు ప్రయత్నించాడు, నాలుగుసార్లూ చెట్టు దగ్గరే తేలాడు. కోడలు ఒక పక్క, నేను ఒక పక్క నిలబడి చెరో రకంగా చేతులూపాం.

అప్పుడొచ్చాడు ఆ పెద్దమనిషి. డెబ్బై దాటి ఉంటాయి. చొక్కా జేబు మీద 'వాలంటీర్' అని కుట్టి ఉంది. మమ్మల్నిద్దర్నీ నవ్వుతూనే పక్కకి జరిపి, డ్రైవరు వైపు అద్దంలో తను కనపడేచోట నిలబడ్డాడు. "అద్దంలో మనిషి కనపడకపోతే ఆ సైగలు దేనికి?" అన్నది ఆయన పద్ధతి. మావాడితో ఒక్క మాట చెప్పాడు: స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టుకో, ట్రైలర్ వెనకభాగం ఎటు పోవాలో ఆ చేతిని అటు జరుపు. అంతే. అయిదోసారికి ట్రైలర్ వెళ్ళి కూచుంది.

అక్కడితో వదల్లేదు. బండి కారుకి తగిలి ఉండగానే రసమట్టం పెట్టి చూశాడు. పల్లంగా ఉన్న వైపు చక్రం కింద పలకలు వేయించి పక్కవాటు సమం చేయించాడు. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టించాక కానీ కొక్కెం విప్పనివ్వలేదు. ఆ తర్వాత ముందు జాకీ తిప్పించి ముందువెనకల వాలు సరిచేశాడు. ఈ వరస తప్పితే విప్పిన బండి దొర్లి చెరువు దారి పడుతుందట. ఇంత సమం దేనికంటే, గ్యాసు మీద నడిచే పాతరకం ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగ్గా చల్లబడదు. ఇక టాంకులు ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డిది, తర్వాత స్నానాల నీళ్ళది. ఆ సబ్బునీళ్ళు వెనకాలే వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. ఎవరు కనిపెట్టారోగానీ, దండం పెట్టాల్సిన ఆలోచన!

కృతజ్ఞతలు చెప్పడానికి సాయంత్రం ఆయన సైట్‌కి వెళ్ళాను. 'కేంప్ హోస్ట్' అని బోర్డు. బోర్డు వెనక ఎయిర్‌స్ట్రీమ్ అనే కంపెనీ ట్రైలర్ బండి, 27 అడుగులు, 1973లో తయారైంది. ఈ బళ్ళని అద్దంలా మెరిపించి పెట్టుకునేవాళ్ళు ఉంటారు. నాకది నచ్చదు, పెళ్ళిలో కొత్తగా తోమిన కాగులా ఉంటుంది. ఇది అలా లేదు. వాడి వాడి నునుపు తేలిన సత్తుగిన్నె రంగులో ఉంది. పైకప్పు వంపు మీద చిన్న చిన్న సొట్టలు. టెక్సస్ వడగళ్ళ గుర్తులట. అల్యూమినియం రేకు ఒకసారి సొట్టపడితే మళ్ళీ పొంగదు.

నేను మాట్లాడుతూనే వేలు పెట్టాను. మూలల్లో రేకు నారింజ తొనల్లా ముక్కలు ముక్కలుగా కోసి, వంచి, కలిపి ఉంది. అలా కాకపోతే చదును రేకుకి ఆ గుండ్రం రాదు. పక్కగోడలకి పై రేకు అంచు కింద రేకు మీదికి దిగి ఉంటుంది, మన పెంకుటిళ్ళలో పైపెంకు కిందిదాని మీదికి వచ్చినట్టు. వాన నీరు లోపలికి తిరగదు, జారిపోతుంది. ఆ అతుకు పొడుగునా రివిట్లు. ఒక్కో రివిటుకీ ఇద్దరు మనుషులు కావాలి. బయటివాడు గాలిసుత్తితో తల మీద కొడతాడు. లోపలివాడు తోకకి ఇనపదిమ్మ ఆనించి పట్టుకుంటాడు. మధ్యలో రేకు, ఒకరి మొహం ఒకరికి కనపడదు. దిమ్మ కాస్త వాలిందా, తోక పక్కకి వంగుతుంది. బయటివాడు ఒక దెబ్బ ఎక్కువ కొట్టాడా, తల చుట్టూ రేకు గుంటపడుతుంది. ఒహాయోలో జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో ఆ కంపెనీ ఫాక్టరీ ఉంది. 1952లో మొదలైంది. ఇవాళ్టికీ అక్కడ ఇద్దరిద్దరుగా నిలబడే కొడతారు.

తలుపు దాటి మూడు బారలు పోయాక వేలు ఆగింది. నాలుగైదు తలలు వేరేగా తగిలాయి. అంచు మరీ పదునుగా ఉంది, నడిమి చదునుగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నవ్వుతున్నాడు. "అవి పదకొండు. నావే. ఇన్నేళ్ళలో పట్టుకున్నవాళ్ళలో మీరు రెండోవారు" అన్నాడు. లోపల ఇంకో అల్యూమినియం గోడ ఉంటుంది కాబట్టి మరమ్మతుకి దిమ్మ పట్టుకునే చెయ్యి లోపలికి పోదు. అందుకని బయటినుంచే బిగిసే రకం రివిటు వేసి, మిగిలిన మొనని తల వంపులో కలిసిపోయేలా చెక్కేస్తారు. చెక్కింది ఆయనే, చేత్తో. పైగా అవి కూడా అల్యూమినియంవే. ఇనపవి వేస్తే, తడి తగిలినప్పుడల్లా ఆ కలిసినచోట ఇనుము అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఈ వెండి బండి వెనక పెద్ద కథే ఉంది. రివిట్లు కొట్టిన ఈ రేకు తొడుగు మొదట విమానాలది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్' విమానాన్ని కట్టించిన పనివాళ్ళ మేస్త్రీ హాలీ బౌలస్. ఆయనే 1934లో విమానాల రేకు పద్ధతిలో ఒక ట్రైలర్ చేశాడు. తలుపు మాత్రం ముందువైపు, సరిగ్గా కొక్కెం మీద పెట్టాడు! ఎక్కాలంటే కారుకీ బండికీ మధ్య గెంతాలి. ఆయన వ్యాపారం నిలవలేదు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టిన వాలీ బయమ్ ఆ నమూనా అందుకుని, తలుపు పక్కకి మార్చి, 1936లో 'క్లిప్పర్' పేరుతో అమ్మాడు. నలుగురు పడుకోవచ్చు, నీళ్ళు, కరెంటు దీపాలు బండిలోనే. ధర 1,200 డాలర్లు. మాంద్యం రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. 1969లో చంద్రయాత్ర నుంచి తిరిగొచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్‌ని ఓడ మీద విడిగా ఉంచింది కూడా ఇలాంటి బండినే మార్చి చేసిన గదిలో. అధ్యక్షుడు నిక్సన్ బయట నిలబడి కిటికీలోంచి పలకరించిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఆ బండి ఇప్పుడు వర్జీనియాలో డలెస్ విమానాశ్రయం దగ్గర స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మళ్ళీ ఆ పెద్దమనిషి దగ్గరికి వస్తాను. ఆయన హైస్కూల్లో పిల్లలకి మెషిన్ పని నేర్పేవాడు, ఆయన భార్య నర్సు. రిటైరయ్యాక ఏడేళ్ళు ఈ బండిలోనే ఊళ్ళు తిరిగారు. ఆవిడ తల్లికి జబ్బు చేస్తే ఇల్లు కొనుక్కుని దిగిపోయారు. నాలుగేళ్ళు బండి పెరట్లో ఓక్ చెట్టు కింద పడి ఉంది. అతుకుల్లో పూసిన మైనంలాంటి పదార్థం ఎండి పగిలింది. నీళ్ళు దిగాయి. వెనకవైపు నేల ప్లైవుడ్ చెక్క మెత్తబడింది. "తప్పు మాదే. బండిని ఏడాదికోసారి పైకెక్కి చూడాలి. దిగినవాళ్ళం కదా, పైకి ఎక్కలేదు" అన్నాడాయన. తల్లి పోయింది. ఇల్లు అమ్మేశారు. ఒక చలికాలమంతా ఆయన నేల విప్పి, కుళ్ళినంత మేరా కోసి, కొత్త చెక్క అంచులకి ఎపాక్సీ తాపి అతికించాడు. ఆ పదకొండు రివిట్లు ఆ చలికాలంవే.

ఎందుకు తిరిగొచ్చారని ఆవిడనడిగాను. "ఇంట్లో ఉన్నప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే భోజనానికి పిలవాల్సి వచ్చేది. ఇక్కడ కుర్చీ బయట వేసుకుంటే చాలు" అంది. మా ఆవిడ లోపలికి వెళ్ళి వంటిల్లు చూసొచ్చింది. పోపులపెట్టె పెట్టుకునే చోటు లేదని తేల్చేసింది. నిజానికి ఆ వంటింట్లో ఖాళీ అన్నది ఎక్కడా లేదు. సింకు మీద మూత వేస్తే అది కూరలు తరుగుకునే బల్ల. అరల తలుపులన్నీ పైకెత్తి లాగితే కానీ రావు, బండి నడుస్తున్నప్పుడు తెరుచుకోకూడదు కదా. మేమైతే అక్కడ ఉండలేం, పదో రోజు దెబ్బలాట ఖాయం.

ఇంటి నంబరు లేనివాళ్ళకి ఉత్తరాలెలా అని అడిగితే, దానికీ ఏర్పాటుంది. ఇలా తిరిగేవాళ్ళ కోసం 1978లో పుట్టిన 'ఎస్కేపీస్' అనే క్లబ్బు టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉత్తరాలు అందుకుని, వీళ్ళు ఎక్కడుంటే అక్కడికి పంపుతుంది. ఓటు, లైసెన్సు అన్నీ ఆ ఊరి మీదే. పార్కుల్లో ఈ వాలంటీరు పనికి జీతం ఉండదు. వారానికి కొన్ని గంటలు పనిచేస్తే బండికి చోటు, కరెంటు, నీళ్ళు ఇస్తారు. గంటలు పార్కుని బట్టి మారతాయి. జాతీయ పార్కుల్లో వాలంటీర్లని పెట్టుకోవడానికి 1970లో చట్టమే చేశారు. కేంద్ర ప్రభుత్వ భూముల్లో 250 గంటలు చేసినవాళ్ళకి ఏడాది పాటు ప్రవేశం ఉచితంగా ఇచ్చే పాసుంది. కేంప్ హోస్ట్‌కి పోలీసు అధికారం ఏమీ ఉండదు. రాత్రి పది దాటాక పాటలు పెట్టేవాళ్ళని అడగడమే, వినకపోతే రేంజర్‌కి ఫోను. ఆయన ఎప్పుడూ అలా అడగడానికి వెళ్ళేది చేతిలో టార్చిలైటు కిందికి దించి, ముందు కుక్కని పలకరించి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి వాకింగ్‌కి బయల్దేరితే, ఖాళీ అయిన ఒక సైట్‌లో ఆయన ఇనపచక్రం లాంటి మంటగుంట ముందు మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. పైకి చల్లారినట్టే ఉంది, తెల్లటి బూడిద. పారతో కెలికితే లోపల ఒక నిప్పుకణిక ఎర్రగా చూసింది. బకెట్‌తో నీళ్ళు పోశాడు, కెలికాడు, మళ్ళీ పోశాడు. చివరికి చేతి తొడుగు తీసేసి, చేతి వెనకభాగాన్ని బూడిద దగ్గర పట్టి చూశాడు. ఇంకా ఒక పక్క వెచ్చగా ఉందని మళ్ళీ పోశాడు. అప్పుడు బూడిదని బకెట్‌లోకి ఎత్తి, రాతి మీద పడ్డ మసిని చిన్న చీపురుతో ఊడ్చి, పక్కన సగం కాలిన కర్ర ఒకటి ఉంటే తీసుకుని లేచాడు. సైట్ నంబరు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పది నిమిషాలు పట్టింది. అలాంటి గుంటలు ఆ పూట ఆయన చూడాల్సినవి పద్నాలుగు.

ఆయన ఆ బూడిద మీద చెయ్యి పెట్టి చూసిన తీరూ, మా బాబాయి రేకు మీద వేలు పెట్టిన తీరూ ఒక్కటే. చూసి ఊరుకోవడం ఇద్దరికీ చేతకాలేదు.

ఈ ఏప్రిల్‌తో వాళ్ళ గడువు అయిపోతుంది, ఆరిగన్ తీరంలో ఒక లైట్‌హౌస్ దగ్గరికి వెళ్తారట. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వేసవిలో ఏ పార్కుకైనా వెళ్తే, బయల్దేరే పొద్దున మంటగుంటలో నీళ్ళు పోసి, కెలికి, చేతి వెనకభాగంతో ఒకసారి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో బకెట్ పొయ్యండి.